బడి సైకాలజిస్టుకు డాక్టరేటు కావాలా?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి ఊరుకోలేదు. దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు కూడా రాసింది. విద్యార్థులు వందమందికి తగ్గకుండా ఉన్న ప్రతి చోటా, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు రుజువున్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. వందలోపు ఉన్న బళ్లు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. చట్టం వచ్చేదాకా ఇదే అమల్లో ఉంటుంది.

కోర్టు మాట ఉన్నదున్నట్టు పాటించాలంటే మన కర్ణాటక సరిహద్దు మండలాలైన గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం, మడకశిర హైస్కూళ్లలో చాలావాటికి ఒక్కో మనిషి కావాలి. కస్తూర్బా విద్యాలయాలకు కావాలి, గురుకులాలకు కావాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ప్రైవేటు బళ్లు, జూనియర్ కాలేజీలు కలిపితే లెక్క వందల్లోకి పోతుంది. జీవో ఇచ్చి పోస్టులు పుట్టించడం ఒక ఎత్తు. ఆ కుర్చీల్లో కూర్చోబెట్టడానికి చదువుకున్న మనుషులేరీ అన్నది ఇంకో ఎత్తు.

ఈ రెండో సంగతి మీద మన దగ్గర చర్చ చాలా తక్కువ. ఆత్మహత్యల వార్త వచ్చినప్పుడల్లా కమిటీలు వేశాం. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదా రెడ్డి కమిటీ, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కాలేజీల తీరును పరిశీలించాయి. పిల్లల మాట వినే మనిషి కాలేజీలో ఉండాలన్న సంగతి అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. ఆ మనిషి ఏం చదవాలి, ఎన్నేళ్లు చదవాలి, ఎవరి దగ్గర పని నేర్చుకోవాలి అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రతి బడికీ డాక్టరేటు అక్కర్లేదు. కానీ డాక్టరేటు స్థాయి శిక్షణ ఉన్న కొద్దిమంది లేకుండా మిగతా వందలమందిని తయారు చేయలేం. ఆ డాక్టరేటు ఇప్పుడు మన విశ్వవిద్యాలయాలు ఇస్తున్న పీహెచ్‌డీ మాత్రం కాదు.

ముందు పని ఏమిటో చూద్దాం. ఆరో తరగతి పిల్లవాడు ఒకడున్నాడనుకోండి. తెలుగు వాచకం చేతికిస్తే కూడబలుక్కుని నాలుగు మాటలు చదివి ఆగిపోతాడు. 'వీనికి ఎక్కదు సార్' అంటాడు క్లాస్ టీచరు. 'ఆటల మీదే ధ్యాస' అంటుంది అవ్వ. అమ్మానాన్నలు బెంగళూరులో కూలికి పోయారు కాబట్టి బడికి వచ్చింది అవ్వే. బడి సైకాలజిస్టు పని ఇక్కడ మొదలవుతుంది. వాడికి చూపు ఆనుతోందా? చెవి సరిగా వినిపిస్తోందా? మూడో తరగతిలో ఆరు నెలలు తల్లిదండ్రుల వెంట పోయి బడి మానేశాడా? ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు కావడం వల్ల ఈ తడబాటా? నిజంగానే చదువుకు సంబంధించిన వైకల్యం, అంటే డిస్లెక్సియా లాంటిది ఉందా? లేక చదవడం వచ్చినా నలుగురి ముందు నోరు విప్పడానికి భయమా? బయటికి కనిపించే లక్షణం ఒకటే. లోపలి కారణాలు అరడజను ఉండొచ్చు, రెండు మూడు కలిసీ ఉండొచ్చు. వాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడమే ఈ వృత్తి. పిల్లవాణ్ని కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపడం దీంట్లో చిన్న భాగం.

విడదీయడానికి పెద్ద పెట్టెలతో వచ్చే పరీక్షలే కావాలని లేదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డినో బృందం 1970ల చివర్లో, 80లలో ఒక పద్ధతి తయారు చేసింది. పిల్లవాడి క్లాసు పుస్తకంలోంచే ఒక పేరా ఇచ్చి నిమిషం పాటు చదివిస్తారు. తప్పు లేకుండా చదివిన మాటలు లెక్కపెడతారు. వారం తర్వాత అదే స్థాయిలో ఇంకో పేరా. ఎనిమిది వారాలకు ఎనిమిది చుక్కలు గళ్ల కాగితం మీద పడతాయి. రోజూ అరగంట చదువు చెప్పినా ఆ గీత పైకి లేవకపోతే అప్పుడు అనుమానించాలి. లేస్తే వాడికి కావలసింది మందో సర్టిఫికెటో కాదు, ఇన్నాళ్లూ అందని చదువు. 2005 నుంచి ప్రథమ్ సంస్థ చేస్తున్న అసర్ సర్వేలో అక్షరం, మాట, పేరా, కథ అంటూ మెట్లు మెట్లుగా చదివించే పద్ధతి మన టీచర్లకు తెలిసిందే. అసర్ జిల్లా ఎక్కడుందో చెబుతుంది. ఈ నిమిషం పరీక్ష పిల్లవాడు ఎటు కదులుతున్నాడో చెబుతుంది.

ఈ వృత్తి పుట్టుకే ఇలాంటి ఒక పిల్లవాడితో జరిగింది. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ దగ్గరికి ఒక టీచరమ్మ స్పెల్లింగ్ ఎంతకీ రాని విద్యార్థిని తీసుకొచ్చింది. పరీక్షించి చూస్తే చూపులో లోపం బయటపడింది. అద్దాలు పెట్టించి, ఆపైన విడిగా చదువు చెప్పించారు. ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్కు అదే మొదటి కేసు. 1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్‌ను సైకాలజిస్టుగా నియమించింది. 1915లో కనెక్టికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌కు స్కూల్ సైకాలజిస్ట్ అన్న హోదాతో ఉద్యోగమిచ్చింది. గెసెల్ అప్పటికే పీహెచ్‌డీ చేసి, తర్వాత వైద్యం కూడా చదివినవాడు. బర్ట్ కథ వేరుగా ముగిసింది. కవల పిల్లల తెలివితేటల మీద ఆయన ప్రచురించిన అంకెలు కల్పితాలన్న ఆరోపణ ఆయన పోయాక బయటికొచ్చి, ఇప్పటికీ తేలలేదు. పిల్లల నుదుట అంకె రాసే అధికారం ఇచ్చినప్పుడు ఆ చేతికి ఎంత శిక్షణ ఉండాలి, ఎంత అదుపు ఉండాలి అన్నది ఈ రంగం పుట్టిన నాటి నుంచీ ఉన్న తగువే.

ఆ తగువు తీర్చడానికి అమెరికన్లు 1954లో థేయర్ అనే హోటల్లో సమావేశమయ్యారు. ఆ ఏడాదికి ముందే, 1953లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం స్కూల్ సైకాలజీలో మొదటి డాక్టరేటు కోర్సు పెట్టింది. థేయర్ సమావేశం రెండు మెట్లు ఉండాలని తేల్చింది: డాక్టరేటు ఉన్న నిపుణులు, వాళ్ల పర్యవేక్షణలో పనిచేసే డాక్టరేటు లేనివాళ్లు. డెబ్భై ఏళ్లు గడిచినా అక్కడ రెండు మెట్లూ ఉన్నాయి. డాక్టరేటే ఉండాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పట్టుబట్టింది. 1969లో పుట్టిన స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం ఒప్పుకోలేదు. స్పెషలిస్ట్ డిగ్రీకి ఎం.ఏ. కన్నా ఎక్కువ, పీహెచ్‌డీ కన్నా తక్కువ చదువు, 1200 గంటల ఇంటర్న్‌షిప్ చాలంది. ఆ గంటల్లో సగం, అంటే 600, బడిలోనే గడపాలి. డాక్టరేటుకైతే 1500 గంటలు. నేడు అమెరికా బళ్లలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది స్పెషలిస్ట్ డిగ్రీవాళ్లే. డాక్టరేటు చేసినవాళ్లు యూనివర్సిటీల్లో పాఠం చెబుతారు, జిల్లాలో కిందివాళ్లను పర్యవేక్షిస్తారు, పరీక్షలు తయారు చేస్తారు, సొంత ప్రాక్టీసు పెట్టుకుంటారు. సంఘం కోరే నిష్పత్తి 500 మంది పిల్లలకు ఒకరు. అక్కడ కూడా చాలా రాష్ట్రాలు దాని దరిదాపులకు రాలేదు.

న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఈ మనిషి బాగా పరిచయం. పిల్లవాడు మాటల్లో వెనకబడ్డాడని బడి నుంచి పిలుపొస్తే బల్లకు అటువైపు కూర్చునేవాళ్లలో స్కూల్ సైకాలజిస్టు ఒకరు. 1975లో వచ్చిన వైకల్యమున్న పిల్లల విద్యాచట్టం వల్ల ఆ బల్ల పుట్టింది. ప్రతి పిల్లవాడికీ విడిగా విద్యాప్రణాళిక రాయాలి, దానికి ముందు మదింపు జరగాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి అని చట్టం చెప్పింది. ఉద్యోగాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగింది అప్పుడే. ముందు చట్టం వచ్చింది, తర్వాత పోస్టులు, వాటి వెనక శిక్షణ. మన దగ్గర వికలాంగుల చట్టం వచ్చింది కానీ మిగతా రెండూ రాలేదు. ఆ మాట తర్వాత చెబుతాను.

ఇంగ్లండ్ దారి ఇంకోటి. అక్కడ టీచరుగా పనిచేసి, ఏడాది మాస్టర్స్ చేస్తే ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు అయ్యేవారు. 2006 నుంచి దాన్ని మూడేళ్ల డాక్టరేటు చేశారు. ఆ పేరుకు చట్టరక్షణ ఉంది, రిజిస్టరు కాకుండా వాడుకుంటే నేరం. మూడేళ్లలో రెండేళ్లు ఎక్కువ భాగం స్థానిక విద్యాశాఖలో పని మీదే గడుస్తాయి. ప్రభుత్వం ఫీజు కట్టి, భత్యమిచ్చి చదివిస్తుంది. మనిషి గట్టిగా తయారవుతాడు, సందేహం లేదు. కానీ సీట్లు కొన్నే. దేశమంతా మదింపుల కోసం నెలల తరబడి క్యూలు. డాక్టరేటునే గుమ్మంగా పెడితే లోపలికి వచ్చేవాళ్లు తగ్గిపోతారన్నది ఇంగ్లండ్‌ను చూసి నేర్చుకోవలసిన సంగతి. నాకు ఈ రెంటిలో అమెరికా రెండు మెట్ల పద్ధతే మనకు దగ్గరగా కనిపిస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. మనకు చరిత్ర లేదనడానికి లేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, అలహాబాదులో అప్పటి సంయుక్త ప్రాంతాల (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వం బ్యూరో ఆఫ్ సైకాలజీ పెట్టింది. దాని డైరెక్టరు సి.ఎం. భాటియా తయారుచేసిన బుద్ధిపరీక్ష 1955లో పుస్తకంగా వచ్చింది. చదువు రానివాళ్లకు కూడా పనికొచ్చే పరీక్ష అది. 1961లో పుట్టిన ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా ఇస్తూ వస్తోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో మాళవికా కపూర్ బడి టీచర్లకు పిల్లల మానసిక సమస్యలు గుర్తించడంలో శిక్షణ ఇచ్చే పద్ధతులు రూపొందించి, భారతీయ బళ్లలో మానసిక ఆరోగ్యంపై 1990లలో పుస్తకాలు రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు 1960ల్లో నెలకొల్పిన విభాగానికి సైకాలజీతోపాటు పారాసైకాలజీ అని పేరుండేది. అతీంద్రియ శక్తుల మీద పరిశోధనకు ప్రపంచమంతా తెలిసిన ఆ విభాగం ఉన్న రాష్ట్రంలో, బడిలో చదవలేని పిల్లవాడి మీద అలాంటి విభాగం ఒక్కటీ పేరు తెచ్చుకోలేదు. ఇది ఎత్తిపొడుపు కాదు, ఆయన పెద్ద పండితుడు. ఏ ప్రశ్న ఎవరికి ఆసక్తి కలిగించిందన్నది చెబుతున్నాను.

మన పీహెచ్‌డీ ఎలా ఉంటుందో సైకాలజీ, ఎడ్యుకేషన్ విభాగాల గ్రంథాలయం బీరువా తెరిస్తే తెలుస్తుంది. తొమ్మిదో తరగతి విద్యార్థుల సర్దుబాటుకూ విద్యాసాధనకూ గల సంబంధం, ఫలానా జిల్లాలో ఒక పరిశీలన. మూడు ప్రశ్నావళులు, ఐదారొందల మంది పిల్లలు. ఆడ మగ, పల్లె పట్నం, ప్రభుత్వ ప్రైవేటు అంటూ జంటలు కట్టి టీ విలువలు. చివర్లో టీచర్లు, తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలని సూచనలు. జిల్లా పేరు మార్చితే ఇంకో తీసిస్. ప్రశ్నావళి నింపిన పిల్లల్లో ఏ ఒక్కడి పేరూ పరిశోధకుడికి గుర్తుండదు, ఉండనక్కర్లేదు కూడా. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు, మూడు నుంచి ఆరేళ్ల వ్యవధి ఉంటే చాలు. పిల్లల ఎదుట పర్యవేక్షణలో ఇన్ని గంటలు కూర్చోవాలన్న షరతు లేదు. లెక్చరర్ ఉద్యోగానికి ఆ పట్టా పనికొస్తుంది. అది తప్పు కాదు, దాని పనే అది. కానీ ఆ పట్టా చూసి 'ఈయన సైకాలజీ డాక్టరు, పిల్లల్ని చూస్తారు' అనుకుంటే మోసపోతాం.

పిల్లల్ని చూసే శిక్షణ ఉన్నది ఇంకో వరసలో. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1992 చట్టం కింద పుట్టింది. దాని పట్టికలో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నాడు, రీహాబిలిటేషన్ సైకాలజిస్టు ఉన్నాడు, స్పెషల్ టీచరు ఉన్నాడు. స్కూల్ సైకాలజిస్టు లేడు. క్లినికల్ సైకాలజీకి రెండేళ్ల ఎం.ఫిల్. గుమ్మంగా ఉండేది. నిమ్హాన్స్ లాంటి చోట్ల ఆసుపత్రి వార్డుల్లో రెండేళ్లు నలిగి, కేసులు రాసి, పెద్దల చేత తిట్లు తిని బయటపడే శిక్షణ అది. యూజీసీ 2022 నిబంధనలు ఎం.ఫిల్.నే తీసేశాయి. తర్వాత క్లినికల్ సైకాలజీకి 2025-26 దాకా గడువు పొడిగించారు. ఆ స్థానంలోకి సైడీ అనే వృత్తి డాక్టరేటును కౌన్సిల్ ముందుకు తెచ్చింది. ఆసుపత్రి కోసం కోర్సులు మారుతున్న ఈ సంధికాలంలోనే బడి కోసం ఒక వరస వేయించుకోవాలి. ఇప్పుడు పోతే ఇంకో తరం ఆగాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులను తన పరిధిలోకి తెచ్చింది. దాని కింద పాఠ్యక్రమాలు కుదురుకుంటున్నాయి. బడి అన్న మాటకు ఇంకా చోటు పడలేదు.

ఇంతలో చట్టం ఒక పని పెట్టి కూర్చుంది. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టంలో ఇరవయ్యొకటి. కొత్తగా చేరినవాటిలో చదువుకు సంబంధించిన ప్రత్యేక వైకల్యం ఒకటి. దాన్ని ఎలా నిర్ధారించాలో 2018 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తెలివితేటలకు మాలిన్ పరీక్షో వెక్స్‌లర్ పరీక్షో, చదువుకు నిమ్హాన్స్ బ్యాటరీ, ఎనిమిదేళ్లు నిండాక సర్టిఫికెట్, మళ్లీ పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు. మాలిన్ పరీక్ష 1960లలో నాగపూర్‌లో మన పిల్లలకు అనువుగా మలిచినది. నిమ్హాన్స్ బ్యాటరీలో చదివించే భాగాలు ప్రధానంగా ఇంగ్లిషు మీద ఆధారపడ్డవి. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో కాలు లేనివాడికి శాతం వేయడం సులువు. అక్షరం పట్టుబడని పిల్లకు శాతం వేయాలంటే ఏ భాషలో పరీక్షించాలి?

గుడిబండ వైపు ఈ ప్రశ్న మరీ మొండిది. మడకశిర ప్రాంతంలో కన్నడం ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా. కన్నడ మీడియం ప్రభుత్వ బళ్లున్నాయి, డీఎస్సీలో కన్నడ మీడియం పోస్టులుంటాయి, టెట్‌లో మొదటి భాషగా కన్నడం ఎంచుకోవచ్చు. సరిహద్దు అవతలి సిర, పావగడ, మధుగిరి సంబంధాలు పెళ్లిళ్లలో, సంతల్లో రోజూ నడుస్తాయి. కన్నడ లిపి, తెలుగు లిపి అక్కాచెల్లెళ్లు. గ, ద, న దాదాపు ఒకేలా ఉంటాయి; క, త వేరేగా ఉంటాయి. తలకట్లు కొద్దిగా తేడా. రెండూ చూస్తూ పెరిగిన పిల్ల ఒకదాని గుణింతం ఇంకోదాంట్లో రాస్తే అది రుగ్మత కాదు, సరిహద్దు. మైసూరులోనో హైదరాబాదులోనో చదివి వచ్చిన పరీక్షకుడికి ఇది తెలియాలని లేదు. తెలియకపోతే సర్టిఫికెట్ తప్పుగా రాస్తాడు, లేదా ఇవ్వాల్సిన పిల్లకు ఇవ్వడు. ఇంటి భాష కన్నడం కాబట్టి చదవలేకపోతోందని సరిపెట్టుకుని, నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లను పదో తరగతి దాకా వదిలేయడం కూడా అంతే తరచుగా జరిగే అవకాశముంది.

కన్నడం వైపు కొంత పని జరిగింది. 1930ల్లో వి.వి. కామత్ బినే పరీక్షను మరాఠీ, కన్నడ పిల్లలకు అనువుగా మార్చారు. మన ఆసుపత్రుల్లో బినే-కామత్ పేరుతో ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఇంతకాలం ఒక పరీక్షను మార్చకుండా వాడుకోవడం మెచ్చుకోవలసిన సంగతేమీ కాదు. బెంగళూరులో ప్రామిస్ ఫౌండేషన్‌కు చెందిన సోనాలీ నాగ్ కన్నడ మీడియం పిల్లలు అక్షరాలు ఎలా నేర్చుకుంటారో పరిశీలించి 2007లో ప్రచురించారు. ఇంగ్లిషు అక్షరాలు ఇరవయ్యారు ఒకటి రెండేళ్లలో వచ్చేస్తాయి. గుణింతాలు, ఒత్తులు కలిపి వందలకొద్దీ ఉండే మన లిపుల్లో ఆ నేర్చుకోవడం నాలుగో తరగతి దాటి కూడా సాగుతుందని ఆమె పని చూపించింది. అంటే రెండో తరగతిలో ఒత్తులు రాని తెలుగు పిల్లవాణ్ని ఇంగ్లిషు కొలబద్దతో కొలిచి రోగి అనడం అన్యాయం. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన డాలీ అనే డిస్లెక్సియా పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిషుల్లో వచ్చింది. మొదటి వరసలో తెలుగుకు చోటు దొరకలేదు.

డాక్టరేటు ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది. రెండు లిపుల మధ్య పెరిగే పిల్లకు ఏ వయసుకు ఎంత చదువు రావాలన్న ప్రమాణాలు ఎవరైనా కట్టాలి. మండలాల్లో తిరిగి వందలమంది పిల్లలను చదివించి, తప్పులను రకాలుగా విడగొట్టి, లెక్కగట్టి, మళ్లీ రెండేళ్లకు చూసి సరిదిద్దాలి. అది ఎం.ఏ. చేసి ఆరు నెలల సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు చేయగల పని కాదు. ప్రశ్నావళి పంచే పీహెచ్‌డీ చేయగల పనీ కాదు. పరిశోధన తెలిసి, పిల్లవాడి పక్కన కూర్చోవడం కూడా తెలిసినవాళ్లు చేయాలి.

అలాంటి డాక్టరేటు ఎలా ఉండొచ్చు? నా ఊహలో నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు పాఠాలు, వాటితోపాటు వారానికి రెండు రోజులు, వైకల్యమున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రంలో. అక్కడ సహిత విద్య రిసోర్స్ టీచర్లు కాంట్రాక్టు మీద ఏళ్లుగా మండలమంతా తిరుగుతున్నారు. ఏ ఇంట్లో ఏ పిల్ల ఉందో వాళ్లకు తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. మూడో ఏడు పూర్తిగా ఒకటి రెండు మండలాల బళ్లలో 1500 గంటలు, ప్రతి వారం నిపుణుడి దగ్గర కేసు చెప్పుకోవాలి. నాలుగో ఏడు తీసిస్. అది అదే ప్రాంతానికి పనికొచ్చే పరికరం ఒకటి కావాలి: చదువు ప్రమాణమో, వలస పోయి వచ్చిన పిల్లలను తరగతిలో అందుకునే పద్ధతో, రైతు ఆత్మహత్య జరిగిన ఇంటి పిల్లకు బడి ఎలా అండగా ఉండాలో చెప్పేదో. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగముంది. అనంతపురం కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చేతిదూరంలో ఉంది. సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో మొదలైన సంస్థ ఉంది. హిందూపురం నుంచి నిమ్హాన్స్ వంద కిలోమీటర్ల పైచిలుకే. విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల కన్నా అదే మనకు ఎన్నో రెట్లు దగ్గర. రాష్ట్రాల గీత మధ్యలో ఉందన్న మాటేగానీ, ఈ పక్క జనం ఎప్పుడూ జబ్బు చేస్తే బెంగళూరు బస్సే ఎక్కారు.

ఈ శిక్షణలో పుస్తకంలో దొరకనిది ఒకటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి 'మేడమ్, ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే చెప్తాను' అంటుంది. శిక్షణ లేనివాళ్లు జాలితో ఒట్టేస్తారు. ఆ తర్వాత అమ్మాయి చెప్పేది బంధువొకడు చేసిన అఘాయిత్యం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే నేరం. శిక్షణ పొందిన మనిషి ముందే, నెమ్మదిగా, 'నీకు ప్రమాదం ఉన్న సంగతైతే నేను కొందరికి చెప్పాలమ్మా, ఎవరికి చెప్పేదీ నీకు తెలియకుండా చెప్పను' అంటుంది. ఈ ఒక్క వాక్యాన్ని తడబడకుండా, అమ్మాయి లేచి వెళ్లిపోకుండా అనడం రావడానికి పదిసార్లు తోటి విద్యార్థులతో ఆడి చూడాలి, నాలుగుసార్లు నిజంగా తప్పు చేయబోయి పర్యవేక్షకురాలు ఆపాలి. అందరూ అందరికీ బంధువులయ్యే ఊళ్లో ఇది మరీ కష్టం. కౌన్సెలర్ గదిలోంచి బయటికొచ్చిన పిల్లను చూసిన అటెండరు సాయంత్రానికి ఆ వీధిలో చెబుతాడు. పెళ్లి కుదిరిన పదో తరగతి పిల్ల, కులం దాటిన స్నేహం, తాగొచ్చే నాన్న, ఇవన్నీ ఆ గదిలోకే వస్తాయి. పియాజే మెట్లు వరసగా చెప్పడం వస్తే ఇవి రావు. టెట్‌లో శిశు వికాసానికి ముప్పై మార్కులుంటాయి కాబట్టి పియాజే మెట్లు మన టీచర్లందరికీ కంఠతా వచ్చు. బిట్టు బ్యాంకు ఎంత లావైనా ఈ పని నేర్పదు.

ఎదురు వాదనలు లేకపోలేదు. డాక్టరేటు చేసినవాళ్లు గుడిబండలో ఉంటారా, బెంగళూరు ఇంటర్నేషనల్ బడికి పోతారు కదా అంటారు. పోతారు, కొందరు. అందుకే డాక్టరేట్లు కొద్దిగానే చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలకు ఒక్కొక్కరు. వాళ్ల కింద మండలానికి ఒకరు చొప్పున ఎం.ఏ. పైన రెండేళ్ల స్పెషలిస్ట్ శిక్షణ ఉన్నవాళ్లు. బడిలో ఏడాదికి రెండుసార్లు శిక్షణ పొందే టీచర్లు. కోర్టు అడిగిన 'బడికొకరు' ఇంతలో అందదు, నిజమే. కానీ చేతకాని వందమంది కన్నా, తప్పు తెలిసి సరిదిద్దగల ఇరవైమందితో మొదలుపెట్టడమే మేలు. ఈ కరువు సీమలో మంచి సంస్థ నిలవదన్న మాటకు 1972లో మొదలైన కొడిగెనహళ్లి గురుకుల పాఠశాలే జవాబు. సర్వేల్, తాడికొండ గురుకులాల వరసలో ప్రభుత్వం తలచుకుని పెట్టింది, నిలిచింది, పిల్లలు వచ్చి చదివారు.

రెండో వాదన నాకు ఎక్కువ గట్టిగా కనిపిస్తుంది. మొదటి బ్యాచ్‌ను పర్యవేక్షించడానికి బడిలో పనిచేసిన సైకాలజిస్టులే లేరు కదా, ఎవరు నేర్పుతారు? ఆసుపత్రివాళ్లు నేర్పితే ప్రతి పిల్లా రోగిలా కనిపించే చూపు అబ్బుతుంది. దీనికి పూర్తి జవాబు లేదు. నిమ్హాన్స్ క్లినికల్ సైకాలజిస్టు ఒకరు, పాతికేళ్లు పిల్లలకు చదువు చెప్పిన సీనియర్ టీచరు ఒకరు, ఇద్దరూ కలిసి ఒక్కో విద్యార్థిని పర్యవేక్షిస్తే మొదటి ఐదేళ్లు గడుస్తాయి. వారానికోసారి వీడియోలో కేసు వినడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. జాతీయ విద్యావిధానం 2020 బడి సముదాయాలకు కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఉండాలని రాసింది. సీబీఎస్ఈ తన బళ్లకు కౌన్సెలర్ తప్పనిసరి అంది. నియామకం జరిగిన చోట ఎం.ఏ. పట్టా చూసి తీసుకుని, ఖాళీగా ఉన్నారని సబ్‌స్టిట్యూట్ పీరియడ్లకు పంపడం మామూలే. కోర్టు తీర్పులోని 'శిక్షణ ఉన్నట్టు రుజువు' అన్న మాటకు రాష్ట్రం నిబంధనల్లో గంటల సంఖ్య, పర్యవేక్షకుడి సంతకం రాయకపోతే ఇదీ అంతే అవుతుంది.

ఇంకొక చిక్కు ఈ మధ్యే మొదలైంది. ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చిన కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ 2025లో ఆపించింది. సైకాలజీ అందులో ఉంది. దూరవిద్యలో పిల్లల్ని చూడటం నేర్చుకోలేరన్నది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ హిందూపురం పక్కన పల్లెల్లో సైకాలజీ చదివినవాళ్లు ఉన్నారంటే ఎక్కువగా ఇగ్నో పుణ్యాన ఉద్యోగం చేసుకుంటూ చదివిన టీచర్లే. ఆ తలుపు మూశాక రెండో తలుపు తీయాలి. మడకశిర, గుడిబండల్లో కన్నడం, తెలుగు రెండూ వచ్చి పదేళ్లుగా బడిలో పనిచేస్తున్న ఎస్జీటీలు, స్కూల్ అసిస్టెంట్లు, భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లు ఈ శిక్షణకు అందరికన్నా తగినవాళ్లు. వాళ్లు ఉద్యోగం మానేసి తిరుపతిలో రెండేళ్లుండలేరు. ఇంగ్లండ్ తన డాక్టరేటు విద్యార్థులకు ఫీజు కట్టి భత్యమిస్తోంది. మన విద్యాశాఖ సర్వీసులో ఉన్న టీచరుకు జీతంతో స్టడీ లీవు ఇచ్చి, తిరిగొచ్చాక అదే డివిజన్లో ఐదేళ్లు పనిచేస్తానని రాయించుకుని, మొదటి పది సీట్లూ వాళ్లకే కేటాయించవచ్చు. భవిత కేంద్రాల కాంట్రాక్టు టీచర్లకు మాత్రం ఆ సెలవు వర్తించదు. వాళ్ల విషయం ముందు తేల్చాలి.